పర్లాకిమిడి – పలాస ఈ1 లైన్: పొద్దున ఎర్రర్లు, మధ్యాహ్నం డ్రాప్‌లు. అసలు తప్పెవరిది?

పిక్కల_గోదాం | 9 జూన్, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మాది జీడిపిక్కల వ్యాపారం. హెడ్డాఫీసు పలాసలో, ఫ్యాక్టరీ, గోదాం పర్లాకిమిడిలో. మధ్యలో ఒక ఈ1 లీజు లైన్ (మాకోసమే అద్దెకు తీసుకున్న 2 ఎంబీ లైన్). రెండు వైపులా సిస్కో రూటర్లు, ఈ1 కార్డులు, 75 ఓమ్‌ల కోయాక్స్ కేబుల్, హెచ్‌డీఎల్‌సీ ఎన్‌క్యాప్సులేషన్ (ప్యాకెట్లని లైన్ మీద మూటగట్టి పంపే పద్ధతి). మే నెలలో పిడుగు పడి మా వైపు రూటర్ కాలిపోయింది, కొత్తది పెట్టాం. అప్పటినుంచి ఇదే గోల.

కాటా దగ్గర లారీ బరువు ఎక్కిస్తే పలాసకి చేరడానికి ఒక్కోసారి నిమిషం పడుతోంది. పింగ్ వంద కొడితే నాలుగైదు పోతున్నాయి. లైన్ వాళ్లకి ఆరుసార్లు ఫోన్ చేశాను. ఆరుసార్లూ ఒకటే మాట, "మా వైపు అంతా ఓకే సార్."

షో ఇంటర్‌ఫేసెస్ సీరియల్ కొడితే పర్లాకిమిడి రూటర్‌లో కనబడేది ఇది:

లైన్ అప్, ప్రోటోకాల్ అప్.
లోపలికి వచ్చిన ప్యాకెట్లు 61,40,000. ఇన్‌పుట్ ఎర్రర్లు 1,88,000.
ఔట్‌పుట్ డ్రాప్‌లు 94,210.
క్యారియర్ ట్రాన్సిషన్లు (సిగ్నల్ పడి లేవడాలు) 3. ఇంటర్‌ఫేస్ రీసెట్లు 11.
రిలయబిలిటీ 249/255.
కౌంటర్లు చివరిసారి క్లియర్ చేసింది: నెవర్.

లైన్ మార్పించాలా, రూటర్ మార్చాలా? ఓనర్‌గారు రోజూ అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది.

తీగ_లాగితే_డొంక | 9 జూన్, రాత్రి 9:40

డ్రాప్‌లు అన్ని ఉన్నాయంటే క్యూ చాలట్లేదు అన్నా. హోల్డ్ క్యూ (రూటర్‌లో ప్యాకెట్లు నిలబడే వరస) 1000 పెట్టెయ్, ఔట్. మా దగ్గర అదే చేశాం, డ్రాప్ కౌంటర్ ఆగిపోయింది.

నాగావళి_నెట్ | 9 జూన్, రాత్రి 10:25

డొంక తమ్ముడూ, కౌంటర్ ఆగింది సరే, వాడేవాళ్ల తిట్లు ఆగాయా? లెక్క చూడు. 1500 బైట్ల ప్యాకెట్లు వెయ్యి క్యూలో నిలబడితే కోటీ ఇరవై లక్షల బిట్లు. ఈ1లో డేటాకి దొరికేది 31 స్లాట్లు, స్లాట్‌కి 64 కిలోబిట్ల చొప్పున 1984 కిలోబిట్లు. అంటే చివర నిలబడ్డ ప్యాకెట్ బయటపడడానికి ఆరు సెకన్లు. ఆ లోపు అవతలివాడు అది పోయిందనుకుని మళ్లీ పంపుతాడు. డ్రాప్ కనబడదు, పని మాత్రం ఇంకా నెమ్మదిస్తుంది.

పిక్కల గోదాం గారూ, ఒక్క మాట. మీరు రెండు జబ్బుల్ని ఒకే చీటీ మీద రాశారు. ఇన్‌పుట్ ఎర్రర్ అంటే పలాస నుంచి మీకు వచ్చేటప్పుడు దారిలో చెడింది. ఔట్‌పుట్ డ్రాప్ అంటే మీ రూటర్ పంపలేక తనే పారేసింది. దిక్కులే వేరు. ఒకదానికి మందు వేస్తే రెండోది తగ్గదు.

క్లియర్ కౌంటర్స్ కొట్టండి. మూడు వారాల మొత్తం చూసి ఏ నిర్ణయానికీ రాలేం. రేపు పని జరిగే ఒక గంట, భోజనాల గంట, రాత్రి ఒక గంట, మూడు రీడింగులు తీసి పెట్టండి. ఎర్రర్లలో సీఆర్‌సీ (చేరాక సరిచూస్తే లెక్క తప్పినవి) ఎన్ని, ఫ్రేమ్ ఎన్ని, అబార్ట్ ఎన్ని, ఓవర్‌రన్, ఇగ్నోర్డ్ ఎన్ని, విడివిడిగా కావాలి. మీ లెక్క ప్రకారం మూడు శాతం ఎర్రర్లు. ఒక శాతం దాటితేనే లైన్‌ని అనుమానించాలంటారు, కాబట్టి మీ కంగారు న్యాయమే.

గుణుపురం_కుర్రాడు | 9 జూన్, రాత్రి 10:51

సార్, సీసీఎన్‌ఏకి (సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ పరీక్ష) చదువుతున్నాను. ఎర్రర్, డ్రాప్ రెండూ ప్యాకెట్ పోవడమే కదా? పుస్తకంలో చదివితే అర్థమైనట్టే ఉంటుంది, పుస్తకం మూస్తే పోతుంది.

కోరాపుట్_కాఫీ | 9 జూన్, రాత్రి 11:05

గుణుపురం బస్టాండుకే వెళ్లు తమ్ముడూ. పర్లాకిమిడి బస్సు నిండిపోయి కండక్టర్ నిన్ను కింద వదిలేస్తే అది డ్రాప్. ఎక్కావు, కాశీనగర్ దాటాక గోతిలో పడి టికెట్ చిరిగిపోయింది, దిగేచోట చెకింగ్ వాడు ఆ ముక్క చూసి నిన్ను లోపలికి రానివ్వలేదు, అది సీఆర్‌సీ ఎర్రర్. రెండుసార్లూ నువ్వు ఇంటికి చేరలేదు. కానీ మొదటిదానికి ఇంకో బస్సు వేయాలి, రెండోదానికి రోడ్డు బాగుచేయాలి.

ఇన్‌పుట్ డ్రాప్ అని మూడోది కూడా ఉంది. ప్యాకెట్ చక్కగానే వచ్చింది గానీ రూటర్ సీపీయూకి తీరిక లేదు. ఇన్‌పుట్ క్యూ 75 నిండితే పారేస్తుంది. దానికి లైన్‌ని తిట్టి లాభం లేదు. ఓవర్‌రన్, ఇగ్నోర్డ్ కూడా ఆ ఇంటివే, రూటర్ లోపలి బాధలు.

పిక్కల_గోదాం | 10 జూన్, రాత్రి 8:30

చెప్పినట్టే చేశాను. కాఫీ అక్క బస్సు ఉదాహరణ మా కాటా కుర్రాడికి కూడా చెప్పాను, వెంటనే అర్థమైంది. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ ఇన్నాళ్లూ నేను వాడికి ఇంగ్లీషు ముక్కలే చెబుతూ వచ్చాను.

పొద్దున 11 నుంచి 12: వచ్చిన ప్యాకెట్లు 42,300. ఎర్రర్లు 1,290. సీఆర్‌సీ 870, ఫ్రేమ్ 290, అబార్ట్ 130. ఓవర్‌రన్, ఇగ్నోర్డ్ సున్నా. ఔట్‌పుట్ డ్రాప్‌లు సున్నా.

మధ్యాహ్నం 1 నుంచి 2: ఎర్రర్లు 212. ఔట్‌పుట్ డ్రాప్‌లు 6,870.

రాత్రి 7 నుంచి 8: ఎర్రర్లు 196. డ్రాప్‌లు సున్నా.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక డ్రాప్‌లు ఎందుకొస్తున్నాయో అర్థం కావడం లేదు. ఆ గంటలో బిల్లింగే ఉండదు.

నాగావళి_నెట్ | 10 జూన్, రాత్రి 9:02

చూశారా, ఎర్రర్లు ఎక్కువున్నప్పుడు డ్రాప్ లేదు, డ్రాప్ ఉన్నప్పుడు ఎర్రర్లు తక్కువ. ముందు ఎర్రర్ల సంగతి తేల్చి, డ్రాప్‌ల దగ్గరికి తర్వాత వద్దాం.

ఓవర్‌రన్, ఇగ్నోర్డ్ సున్నా అన్నారు కాబట్టి రూటర్ మార్చే ఆలోచన మానుకోండి. సీఆర్‌సీతో పాటు అబార్ట్‌లు కూడా కనిపిస్తే నా చూపు ముందు క్లాక్ (బిట్లకి తాళం వేసే గడియారం) మీదికి పోతుంది. హెచ్‌డీఎల్‌సీలో వరసగా ఆరు ఒకట్లు ఫ్లాగ్‌లోనే వస్తాయి, డేటాలో రాకుండా మధ్యలో సున్నా దూరుస్తారు. ఏడు, అంతకంటే ఎక్కువ వచ్చాయంటే అబార్ట్ కింద లెక్క. బిట్లు జారితే ఇలాగే అవుతుంది.

షో కంట్రోలర్స్ ఈ1 కొట్టి పెట్టండి. అందులో 15 నిమిషాల ముక్కలుగా గత 24 గంటలవి 96 లెక్కలుంటాయి. అన్నీ అక్కర్లేదు. స్లిప్ సెకన్లు (తాళం తప్పి ఫ్రేము జారిన సెకన్లు), లైన్ కోడ్ వయొలేషన్లు (తీగ మీద పల్సులు తప్పినవి), ఈ రెండు గీతలు చాలు. రెండు వైపులా కంట్రోలర్ కాన్ఫిగ్ కూడా.

పిక్కల_గోదాం | 10 జూన్, రాత్రి 9:48

పర్లాకిమిడిలో ప్రతి 15 నిమిషాల ముక్కలోనూ స్లిప్ సెకన్లు 70, 72, 73, ఇలాగే ఉన్నాయి. పగలూ రాత్రీ తేడా లేదు. లైన్ కోడ్ వయొలేషన్లు మాత్రం రాత్రి సున్నా, పగలు వెయ్యి, పదిహేను వందలు.

కాన్ఫిగ్ రెండు వైపులా ఒకటే: ఫ్రేమింగ్ సీఆర్‌సీ4, లైన్‌కోడ్ హెచ్‌డీబీ3, క్లాక్ సోర్స్ ఇంటర్నల్ (రూటర్ సొంత గడియారం). కొత్త రూటర్ పెట్టినప్పుడు పలాసది కాపీ చేసి ఐపీలు మార్చాను, తప్పులు రాకూడదని.

రిటైర్డ్_ట్రాన్స్‌మిషన్ | 11 జూన్, ఉదయం 6:15

బాబూ, తప్పు రాకూడదని చేసిన కాపీలోనే తప్పు వచ్చింది.

నేను జైపూర్‌లో ఉంటాను. ఉద్యోగమంతా ట్రాన్స్‌మిషన్ గదుల్లోనే గడిచింది. రెండు వైపులా ఇంటర్నల్ అంటే ఇద్దరు మృదంగం వాళ్లు ఎవరి తాళం వాళ్లు వేసుకుంటున్నారన్న మాట. ఇద్దరూ మంచివాళ్లే. అయినా పాట ముగిసేలోపు ఎక్కడో ఒకచోట తప్పుతారు.

ఈ1 వేగం సెకనుకి 20,48,000 బిట్లు. ఏ గడియారమూ కచ్చితంగా అంతే కొట్టదు. పది లక్షలకి 50 అటూ ఇటూ ఉండొచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. నీ రెండు రూటర్ల మధ్య తేడా పది లక్షలకి 10 మాత్రమే అనుకో. సెకనుకి ఇరవై బిట్లు పైచిలుకు పోగవుతాయి. ఒక ఫ్రేము 256 బిట్లు. అంటే పన్నెండున్నర సెకన్లకి ఒక ఫ్రేము నిండి పొర్లుతుంది, లేదా ఖాళీ అవుతుంది. అప్పుడు కార్డు ఒక ఫ్రేము వదిలేస్తుంది, లేదా ఉన్నదే రెండోసారి ఇస్తుంది. అదే స్లిప్పు. 15 నిమిషాలంటే 900 సెకన్లు. పన్నెండున్నరతో భాగించు.

72 వస్తుంది. నీ కౌంటర్‌లో ఉన్నదీ అదే.

పగలూ రాత్రీ మారకపోవడం చూసినప్పుడే తెలుసుకోవాలి. వానకీ ఎండకీ మనుషులకీ సంబంధం లేకుండా ఒకే లెక్కన వచ్చే తప్పు గడియారానిదే.

గుణుపురం_కుర్రాడు | 11 జూన్, ఉదయం 7:40

మాస్టారూ, అయితే రెండు వైపులా క్లాక్ సోర్స్ లైన్ (లైన్ మీద వచ్చే తాళమే పట్టుకోవడం) పెట్టాలి కదా? మా సార్ రెండు వైపులా లైనే అన్నారు.

రిటైర్డ్_ట్రాన్స్‌మిషన్ | 11 జూన్, ఉదయం 8:05

మీ సార్ చెప్పింది ఒక రకం లైన్‌కి నిజం, ఇంకో రకానికి కాదు.

లైన్ ఇచ్చినవాడి మల్టీప్లెక్సర్ (చాలా లైన్లని కలిపి మోసే పెట్టె) తన గడియారాన్ని నీకు ఇస్తుంటే రెండు రూటర్లూ లైన్ మీదే ఉండాలి. వాడి గడియారమే అందరికీ పెద్ద. కానీ కొన్ని లైన్లలో వాడు నీ ఈ1ని ఉన్నది ఉన్నట్టు మూటగట్టి మోస్తాడు. లోపలి తాళం వాడికి పట్టదు. ఎస్‌డీహెచ్ (టెలికాం వాళ్ల పెద్ద ఫైబర్ దారి) మీద మామూలు ఈ1 చాలావరకు ఇలాగే పోతుంది. అక్కడ రెండు వైపులా లైన్ పెడితే నువ్వు చెబుతావని వాడు, వాడు చెబుతాడని నువ్వు, ఇద్దరూ ఎదురుచూడడమే అవుతుంది. కాబట్టి ఒక వైపు ఇంటర్నల్, రెండో వైపు లైన్.

ఏ రకమో లైన్ వాళ్లనే అడగాలి. "లైన్ బాగుందా" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "క్లాక్ మీరిస్తున్నారా, మమ్మల్ని ఇమ్మంటారా?" అని అడుగు. ఆ ప్రశ్న వినగానే ఫోను తెలిసినవాడి చేతికి మారుతుంది.

పిక్కల_గోదాం | 11 జూన్, మధ్యాహ్నం 3:20

మాస్టారూ, మీ మాట అక్షరాలా నిజం. ఆ ప్రశ్న అడగగానే "ఒక్క నిమిషం సార్" అని ఫోన్ ఇంకొకాయనకి ఇచ్చారు. ట్రాన్స్‌పరెంట్ లైనే, క్లాక్ వాళ్లు ఇవ్వరట. పాత రూటర్ బ్యాకప్ ఫైల్ వెతికితే అందులో మా వైపు లైన్ అనే ఉంది. పలాసది ఇంటర్నల్‌గా ఉంచి, మా వైపు లైన్‌కి మార్చాను. నాలుగైదు సెకన్లు లింక్ పడి లేచింది.

మార్చి గంటన్నర అయింది. స్లిప్పులు సున్నా. మీకు శతకోటి దండాలు.

కానీ లైన్ కోడ్ వయొలేషన్లు పోలేదు. ఎర్రర్లు గంటకి వెయ్యి దాకా ఇంకా వస్తున్నాయి.

సిరొంచ_వాసి | 11 జూన్, సాయంత్రం 5:10

మధ్యల దూరుతున్న, ఏమనుకోకుండ్రి. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇక్కడ 64 కేబీ లైన్ ఒకటుంది, రాగి తీగ మీద మోడెం, వీ.35 కేబుల్‌తో రూటర్‌కి. స్లో ఉంది, డ్రాప్‌లు వేలల్లో వస్తున్నయ్. కానీ టీఎక్స్ లోడ్ (పంపే దిక్కు ఎంత నిండిందో, 255 అంటే ఫుల్) చూస్తే 10/255 అంటది. లైన్ ఖాళీగనే ఉన్నట్టు కదా? మరి డ్రాప్ ఎందుకు?

నాగావళి_నెట్ | 11 జూన్, సాయంత్రం 5:32

అన్నా, షో ఇంటర్‌ఫేసెస్‌లో బీడబ్ల్యూ (బ్యాండ్‌విడ్త్) ఎంతుంది? 1544 ఉందా? మీ సీరియల్ పోర్టుకి అది డిఫాల్ట్. మీ అసలు వేగం 64. రూటర్ లోడ్ లెక్కగట్టేది ఆ 1544తోనే. 64ని 1544తో భాగించి 255తో గుణిస్తే పది చిల్లర. అంటే 10/255 అన్నప్పుడే మీ లైన్ గొంతుదాకా నిండింది.

బ్యాండ్‌విడ్త్ 64 అని ఇంటర్‌ఫేస్ కింద రాయండి. దానివల్ల వేగం పెరగదు, తగ్గదు. రూటింగ్ మెట్రిక్‌కీ ఈ లోడ్ లెక్కకీ మాత్రమే అది ఆధారం.

సిరొంచ_వాసి | 11 జూన్, సాయంత్రం 5:50

గంతే ఉంది, 1544. మార్చిన. ఇప్పుడు 248/255 చూపిస్తున్నది. మూడేండ్ల సంది దీన్ని ఖాళీ అనుకున్న.

కోరాపుట్_కాఫీ | 11 జూన్, రాత్రి 9:15

పిక్కల గోదాం గారూ, లైన్ కోడ్ వయొలేషన్లు పగలే ఉన్నాయన్నారు. ఆ 96 ముక్కల్ని టైముతో పాటు కాగితం మీద రాయండి. ఏ ముక్కలో మొదలై ఏ ముక్కలో ఆగాయి, మధ్యలో ఎక్కడ సున్నా? స్క్రీన్ మీద చూస్తే కనబడదు, కాగితం మీద గీస్తే కనబడుతుంది. మా సబ్‌స్టేషన్ లింక్‌లో ఇలాగే గీస్తే, పంపు హౌస్ మోటార్ ఆన్ చేసే టైము దొరికింది.

పిక్కల_గోదాం | 12 జూన్, రాత్రి 7:55

గీశాను అక్కా. పొద్దున 8:45 ముక్కలో మొదలు. 1 గంటకి ఆగింది. 2 నుంచి మళ్లీ మొదలు. సాయంత్రం 5:30కి ఆగింది. ఆ తర్వాత తెల్లవార్లూ సున్నా.

ఇవి మా ఫ్యాక్టరీ పని గంటలు. ఒక్క నిమిషం తేడా లేదు.

ఇంకోటి చెప్పాలి. మా మోడెం ఒక గదిలో, రూటర్ ఇంకో గదిలో ఉన్నాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ముందు గది రేకులు ఎగిరిపోయాయి. కంప్యూటర్లన్నీ వెనక గదికి మార్చారు. మోడెం మాత్రం గోడకి ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది, కోయాక్స్ 18 మీటర్లు లాగారు. ఇన్నేళ్లూ ఏ బాధా లేదు. ఈ మార్చిలో బాయిలర్‌కి కొత్త బ్లోయర్ పెట్టారు. దాని త్రీఫేజ్ కేబుల్ కూడా అదే ట్రేలో వేసినట్టున్నారు. ఇప్పుడే టార్చి వేసి చూసొచ్చాను. రెండింటినీ కలిపి ప్లాస్టిక్ ట్యాగులతో గట్టిగా కట్టేశారు, అడుగడుక్కీ ఒకటి.

రిటైర్డ్_ట్రాన్స్‌మిషన్ | 12 జూన్, రాత్రి 8:20

తొందరపడి దాన్నే దోషి అనకు. మంచి కోయాక్స్ పక్కన కరెంటు కేబుల్ పోయినా ఇంత గొడవ రాదు, తొడుగు బాగుంటే. తొడుగు ఎక్కడో తెగి ఉంటేనే కరెంటు లోపలికి దూరుతుంది. ముందు లూపు వేసి చూడు.

ఆదివారం ఫ్యాక్టరీ ఖాళీగా ఉన్నప్పుడు మోడెం దగ్గర రెండు బీఎన్‌సీలూ (కోయాక్స్ చివరి కనెక్టర్లు) ఊడదీసి, ఒకదానికొకటి జాయింటు పెట్టు. అంటే నీ రూటర్ పంపింది 18 మీటర్లు వెళ్లి, తిరిగి 18 మీటర్లు వచ్చి నీకే చేరుతుంది. లైన్ వాళ్ల సామాను అందులో ఉండదు. లూపులో గడియారం ఇచ్చేవాడు ఉండడు కాబట్టి అంతవరకు క్లాక్ ఇంటర్నల్‌కి మార్చు. పని అయ్యాక మళ్లీ లైన్‌కి తెచ్చుకో. మరిచిపోతే మొదటికొస్తావు.

హెచ్‌డీఎల్‌సీయే కాబట్టి అప్, లూప్డ్ అని చూపిస్తుంది. పీపీపీ (హెచ్‌డీఎల్‌సీ బదులు వాడే ఇంకో పద్ధతి) అయితే మ్యాజిక్ నంబర్ చూసి తన గొంతు తనకే వినబడిందని లింక్ లేవనివ్వదు. అప్పుడు హెచ్‌డీఎల్‌సీకి మార్చి పరీక్షించాలి.

తర్వాత ఎక్స్‌టెండెడ్ పింగ్. నీ సీరియల్ ఐపీకే కొట్టు, ప్యాకెట్ బయటికెళ్లి తిరిగొస్తుంది. సైజు 1500, వెయ్యి సార్లు. ప్యాటర్న్ ఒకసారి అన్నీ సున్నాలు, ఒకసారి అన్నీ ఒకట్లు. బ్లోయర్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి.

తీగ_లాగితే_డొంక | 12 జూన్, రాత్రి 9:00

ఇంత శ్రమ ఎందుకన్నా, ఫైబర్‌కి మారిపోండి. 2 ఎంబీ లైన్ ఈ రోజుల్లో ఎవరు వాడతారు?

పిక్కల_గోదాం | 12 జూన్, రాత్రి 9:22

ఫైబర్ కూడా ఉంది తమ్ముడూ. రోడ్డు పనులు ఎక్కడ మొదలైతే అక్కడ తెగుతుంది. పోయినేడు ఒకసారి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులు ఈ ముసలి ఈ1 మీదే లారీలు కదిలాయి. ఇప్పుడూ ఫైబర్ తెగే ఉంది, అందుకే దీని బాధ ఇంతగా తెలుస్తోంది.

పిక్కల_గోదాం | 14 జూన్, రాత్రి 10:40

ఈరోజు ఆదివారం. బాయిలర్ దగ్గర పనిచేసే మావయ్యని బతిమాలి రప్పించాను. ఉత్తి పింగ్ కోసం బ్లోయర్ తిప్పమంటే నన్ను ఎగాదిగా చూశాడు.

లూపు వేశాను. బ్లోయర్ ఆపి: వెయ్యికి వెయ్యి. సున్నాలు, ఒకట్లు రెండూ.
బ్లోయర్ నడిపి: వెయ్యికి 963.

లైన్ వాళ్లు ఆరుసార్లు చెప్పింది నిజమే. వాళ్ల వైపు అంతా ఓకే. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

తర్వాత 18 మీటర్ల కేబుల్ తీసేసి, రూటర్ దగ్గరే మీటరు కొత్త ముక్కతో లూపు వేశాను. బ్లోయర్ నడుస్తుండగా వెయ్యికి వెయ్యి. అంటే కార్డు మంచిదే, కేబులే.

కేబుల్ చివరలు ఊడదీసి చూశాం. మోడెం వైపు, మాకు వచ్చే దారి కనెక్టర్. తొడుగు జడ క్రింప్ రింగు కింద చుట్టూ ఉండాలి కదా, నాలుగైదు వెంట్రుకలంత తీగలే మిగిలాయి. మిగతాది పచ్చగా చిలుం పట్టి, వేలు పెడితే పొడిలా రాలింది. తుపానుకి తడిసిన కనెక్టర్నే తుడిచి మళ్లీ వాడారన్న మాట. మధ్య పిన్ను కూడా బొటనవేలితో తిప్పితే తిరుగుతోంది. ఇన్నేళ్లు ఇది ఎలా పనిచేసిందో!

రాత్రికి పలాస నుంచి కొత్త కేబుల్, క్రింపింగ్ టూల్ వచ్చాయి. కోయాక్స్‌ని వేరే గోడ మీదుగా తెచ్చాం. కరెంటు కేబుల్‌ని దాటాల్సిన ఒక్కచోట అడ్డంగా దాటించాం. బ్లోయర్ అరగంట తిప్పాం, వయొలేషన్లు సున్నా.

ఇంకోటి ఒప్పుకోవాలి. లూపు తీశాక క్లాక్‌ని లైన్‌కి మార్చడం మరిచిపోయాను. పావుగంటలో స్లిప్పులు 72 వచ్చాయి. మాస్టారి మాట గుర్తొచ్చి పరిగెత్తాను.

రిటైర్డ్_ట్రాన్స్‌మిషన్ | 15 జూన్, ఉదయం 6:10

మరిచిపోతావని తెలుసు. నేనూ మరిచిపోయాను, ఒకసారి కాదు.

ఆ పాత కనెక్టర్ పారేయకు. కొత్త కుర్రాళ్లకి చూపించడానికి పనికొస్తుంది.

గుణుపురం_కుర్రాడు | 15 జూన్, ఉదయం 9:30

మాస్టారూ, లైన్ కోడ్ వయొలేషన్ అంటే సరిగ్గా ఏంటి?

రిటైర్డ్_ట్రాన్స్‌మిషన్ | 15 జూన్, ఉదయం 10:15

తీగ మీద ఒకటి అంటే ఒక పల్సు. ఒకసారి పైకి, మళ్లీసారి కిందికి, కుడి ఎడమ అడుగుల్లా మార్చి మార్చి వేయాలి. వరసగా రెండు పైకే వస్తే మధ్యలో ఏదో పోయింది, లేదా లేనిది దూరింది. అదే వయొలేషన్. వరసగా నాలుగు సున్నాలు వస్తే అవతలివాడికి తాళం అందదని, హెచ్‌డీబీ3 అక్కడ కావాలనే ఒక తప్పడుగు వేస్తుంది. ఆ తప్పడుగు ఎలా ఉండాలో ముందే ఒప్పందం కాబట్టి అది లెక్కలోకి రాదు. మిగతావి వస్తాయి.

నాగావళి_నెట్ | 15 జూన్, మధ్యాహ్నం 12:20

ఇక డ్రాప్‌ల సంగతి. పిక్కల గోదాం గారూ, ఒంటిగంటకి లోడ్ ఇంటర్వెల్ 30 పెట్టి టీఎక్స్ లోడ్ చూడండి. ఎవరు తింటున్నారో నెట్‌ఫ్లో ఉంటే అది, లేకపోతే ఐపీ అకౌంటింగ్.

పిక్కల_గోదాం | 15 జూన్, మధ్యాహ్నం 2:15

టీఎక్స్ లోడ్ 254/255. తింటున్నది కెమెరాల డీవీఆర్. పలాసలో ఒకే ఐపీకి పోతోంది.

ఆ ఐపీ ఓనర్‌గారి గదిది.

కనుక్కున్నాను. మధ్యాహ్నం భోజనం చేస్తూ ఆయన ఫ్యాక్టరీ కెమెరాలు నాలుగూ పెట్టుకుని చూస్తారట, రెండు గంటలకి పనివాళ్లు టైముకి తిరిగొచ్చారా లేదా అని. ఒక్కో కెమెరా 4 ఎంబీ మెయిన్ స్ట్రీమ్. నాలుగు కలిపితే 16 ఎంబీని 2 ఎంబీ గొట్టంలో తోస్తున్నాం. ఇదివరకు ఫైబర్ మీద పోయేది కాబట్టి ఎవరికీ తెలియలేదు. లైన్ ఎందుకు స్లోగా ఉందని రోజూ నన్ను అడుగుతున్నదీ ఆయనే.

కోరాపుట్_కాఫీ | 15 జూన్, మధ్యాహ్నం 2:31

నవ్వు ఆపుకోలేకపోతున్నాను. చూడొద్దని మాత్రం చెప్పకండి, ఉద్యోగం జాగ్రత్త. డీవీఆర్‌లో సబ్ స్ట్రీమ్ ఉంటుంది. ఒక్కోటి 256 కిలోబిట్లకి దించండి, నాలుగూ కలిపి 1 ఎంబీ. రూటర్‌లో కాటా, బిల్లింగ్ ట్రాఫిక్‌ని ఒక క్లాస్ చేసి దానికి 512 కిలోబిట్లు గ్యారంటీ రాసేయండి. మిగతాదానికి ఫెయిర్ క్యూ (అందరికీ వంతులు). మీ క్యూయింగ్ స్ట్రాటజీ ఫైఫో అని, క్యూ 40 అని ఉండి ఉంటుంది చూడండి. ముందొచ్చినవాడిదే రాజ్యం అక్కడ. కెమెరా ప్యాకెట్లు నలభై నిలబడితే మీ లారీ బరువుకి చోటే ఉండదు.

సిరొంచ_వాసి | 15 జూన్, సాయంత్రం 6:05

నా దాంట్ల ఇంకో కథ మొదలైంది. నిన్నటి వానకి క్యారియర్ ట్రాన్సిషన్లు ఒక్క రాత్రిల 140. డీసీడీ పడుతుంది, లేస్తుంది. నేను లోపలి కేబుళ్లన్నీ మార్చిన, మీరంతా కనెక్టర్ అంటున్నరు కదా అని.

రిటైర్డ్_ట్రాన్స్‌మిషన్ | 15 జూన్, సాయంత్రం 6:40

అందరి జబ్బూ ఒకటే కాదు నాయనా. డీసీడీ అంటే మీ మోడెం అవతలి మోడెంని వింటున్నదా లేదా అన్న సంగతి. అది వానతో పడుతుందంటే రాగి జతలో నీళ్లు. జాయింటు పెట్టెలో చెమ్మ చేరి ఉంటుంది. ఈసారి తప్పు లైన్ వాళ్ల వైపే ఉండొచ్చు, గట్టిగానే అడగండి. తడి ఉన్నప్పుడే ఇన్సులేషన్ కొలవమనండి. ఎండెక్కాక వచ్చి కొలిస్తే మెగ్గర్ బాగుందనే చూపిస్తుంది, వాళ్లు సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు.

సిరొంచ_వాసి | 15 జూన్, సాయంత్రం 6:48

పోయిన ఏడాది అచ్చం గిట్లనే అయింది. సంతకం కూడా పెట్టిన.

పిక్కల_గోదాం | 17 జూన్, రాత్రి 8:10

కౌంటర్లు క్లియర్ చేసి రెండు రోజులైంది. ఇన్‌పుట్ ఎర్రర్లు సున్నా. స్లిప్పులు సున్నా. ఔట్‌పుట్ డ్రాప్‌లు 38, అన్నీ కెమెరాల క్లాస్‌లోనే. కాటా నుంచి పలాసకి బరువు ఎక్కించగానే వెళ్తోంది. లైన్ వాళ్లకి ఫోన్ చేసి క్షమించమన్నాను. ఎవరు మాట్లాడుతున్నారో వాళ్లకి అర్థం కాలేదు.

ఇవాళ భోజనాలయ్యాక ఓనర్‌గారి ఫోన్: "ఏమయ్యా, లైన్ బాగుచేశానన్నావు, కెమెరాలో మొహాలు మసగ్గా కనబడుతున్నాయేంటి?"

ఏం చెప్పమంటారు?

కోరాపుట్_కాఫీ | 17 జూన్, రాత్రి 8:14

ఫైబర్ తొందరగా కలిపించమనండి.